నిలుచున్నవారి పేర్లు

పాత తెలుగు పత్రికలు సభల ఫోటో వేసినప్పుడు కింద రెండు వరుసలు అచ్చువేసేవి. కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి ఫలానా ఫలానా, నిలుచున్నవారు ఫలానా ఫలానా. ఇవాళ అదే ఫోటో వాట్సాప్‌లోకి ఎక్కేసరికి ఆ రెండు వరుసలూ ఊడిపోతున్నాయి. నడిమి కుర్చీలోని పెద్దమనిషి పేరు ఒక్కటే మిగులుతోంది. పక్కన కూర్చున్న కవి, వెనక నిలబడ్డ హార్మోనిస్టు, అంచున సగం కనిపిస్తున్న యువకుడు, అందరూ పేరు లేనివాళ్లయిపోతున్నారు. తీసిన మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన పేరు అచ్చులో కూడా అరుదుగానే ఉండేది.

పాత ఫోటోలు ఇంత విరివిగా చూసే భాగ్యం మనకన్నా ముందు ఏ తరానికీ లేదు. జయంతి రోజుల్లో, అంటే సెప్టెంబరు 9 వస్తే కవి కాళోజీ, జూలై 22 వస్తే దాశరథి, డిసెంబరు 28 వస్తే నేరెళ్ల వేణుమాధవ్ తెల్లారేసరికి ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తారు. ఇది నిజంగా సంతోషించాల్సిన సంగతి. ఒకప్పుడు ఈ ఫోటోలు చూడాలంటే వారి బంధువులో మిత్రులో అయివుండాలి, లేదా ఏ గ్రంథాలయం గోడ దగ్గరో నిలబడాలి. అయితే బొమ్మ తిరుగుతున్నంత వేగంగా దాని వివరం తిరగడం లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసింది ఎవరు అన్న నాలుగు మాటలు తోడు లేకుండా ఫోటో ఎన్ని వేలమందికి చేరినా, అది చరిత్రకు పనికివచ్చేది సగమే. వరంగల్ వంటి ఊరికి ఈ నష్టం మరీ పెద్దది.

ఈ విషయంలో లోకం ముందు నిలిచిన మంచి ఉదాహరణ అమెరికా జాజ్ సంగీతానిది. విలియం గాట్లీబ్ అనే యువకుడు 1930ల చివర వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో జాజ్ మీద కాలమ్ రాసేవాడు. అర్ధరాత్రి క్లబ్బులకు ఫోటోగ్రాఫర్‌ను పంపే ఖర్చు పత్రిక పెట్టనంటే, తనే ఒక స్పీడ్ గ్రాఫిక్ కెమెరా కొని పని నేర్చుకున్నాడు. ఫిల్మూ ఫ్లాష్ బల్బులూ ఖరీదైనవి కనుక ఒక్కో రాత్రి తీసేది కొద్ది ఫోటోలే. పాటగత్తె ఊపిరి ఎక్కడ తీస్తుందో, బాకా ఊదేవాడి బుగ్గలు ఎప్పుడు ఉబ్బుతాయో తెలిసినవాడు కనుక ఆ కొద్దిలోనే పాట పట్టుబడింది. 1947లో న్యూయార్క్‌లో పాడుతున్న బిల్లీ హాలిడే ఫోటో చూడండి. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కళ్లు సగం మూసి ఉంటుంది. సంగీతం తెలియనివారికి కూడా ఆ స్వరం బరువు అందుతుంది. 1938 నుంచి 1948 దాకా పదేళ్లు ఈ పని చేసి, ఆ తర్వాత వేరే వృత్తిలోకి వెళ్లిపోయాడు.

అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. 1995లో అమెరికా జాతీయ గ్రంథాలయం, అంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఆయన ఫోటోలను కొన్నది. 1,600కు పైగా ఉన్న ఆ ఫోటోలు 2010 ఫిబ్రవరి 16 నుంచి ఎవరి హక్కూ లేకుండా అందరి సొత్తు కావాలన్నది గాట్లీబ్ కోరిక. ఆయన 2006లో కన్నుమూశాడు. ఆ తేదీకి ఫోటోలన్నీ స్వేచ్ఛగా బయటికి వచ్చాయి. ఇవాళ చాలా భాషల వికీపీడియాల్లో చార్లీ పార్కర్, థెలోనియస్ మాంక్, ఎలా ఫిట్జ్‌జెరాల్డ్ పేజీలు తెరిస్తే గాట్లీబ్ తీసిన ఫోటో ఎదురవుతుంది. తెలుగు పిల్లవాడు బడి పనికోసం వాడుకోవాలన్నా ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక మనిషి, ఒక సంస్థ కలిసి ఒక సంగీత యుగం ముఖాన్ని లోకానికి ఇచ్చేశారు. అంతకన్నా ముఖ్యం, ఫోటోలకు సంగీతకారుడి పేరు, చోటు, కాలం జతచేసి ఇచ్చారు.

పేర్లు తెలియని ఫోటోల సంగతేమిటి? దానికీ అదే గ్రంథాలయం ఒక దారి చూపింది. 2008 జనవరిలో ఫ్లికర్‌తో కలిసి 'ది కామన్స్' అనే ఏర్పాటు మొదలుపెట్టి, సుమారు 3,000 పాత ఫోటోలను జనం ముందు పెట్టి, తెలిసినవాళ్లు చెప్పండి అని అడిగింది. పాఠకులు వీధులను గుర్తుపట్టారు, మనుషులను గుర్తుపట్టారు, పాత పత్రికలు తిరగేసి తేదీలు పట్టుకొచ్చారు. గ్రంథాలయం సిబ్బంది వాటిని సరిచూసి, ఏడాది తిరగకుండానే 500కు పైగా ఫోటోల వివరాలు సరిదిద్దుకున్నారు. పంచుకోవడం అంటే ఇలా రెండు వైపులా జరిగేది. మన దగ్గర ఒకవైపే జరుగుతోంది. కింద కామెంట్లలో ఎవరో పెద్దాయన 'వెనక నిలబడ్డది మా మేనమామ' అని రాస్తాడు. మర్నాటికి ఆ మాట కిందికి జారిపోతుంది. దాన్ని ఎత్తి ఫోటో వెంట కట్టిపెట్టే వ్యవస్థ లేదు.

గ్రూప్ ఫోటోల్లో లోకప్రసిద్ధమైనది కూడా జాజ్‌దే. 1958 ఆగస్టులో ఆర్ట్ కేన్ అనే యువకుడు న్యూయార్క్ హార్లెమ్‌లోని ఒక ఇంటి మెట్ల మీద 57 మంది సంగీతకారులను నిలబెట్టి ఫోటో తీశాడు. 1959 జనవరి ఎస్క్వైర్ పత్రికలో అది వచ్చింది. ఆ 57 మందిలో ప్రతి ఒక్కరి పేరూ నమోదైంది. ఆ ఒక్క ఫోటో పుట్టుక మీద 1994లో జీన్ బాక్ ఒక డాక్యుమెంటరీయే తీసింది. ఆ గుంపులో సంగీతకారిణులు ముగ్గురేనన్న సంగతి కూడా పేర్లు ఉన్నాయి కనుకే లెక్క తేలుతుంది, చర్చకు వస్తుంది. పేర్లు రాయని మన సభల ఫోటోల్లో ఆడవాళ్లు ఎందరు, ఏ కులాల వాళ్లు ఎందరు అన్న ప్రశ్న వేయడానికే వీలు లేదు.

మన దేశపు జాజ్ కథ కూడా ఇళ్ల అల్మారాల్లోంచే బయటపడింది. అమెరికా జాజ్ విద్వాంసులు ఎలింగ్టన్ 1963లో, బ్రూబెక్ 1958లో ఇక్కడికి వచ్చి కచేరీలు చేశారు. వాళ్లకు చాలా ముందే బొంబాయి తాజ్ హోటల్లో గోవా సంగీతకారులు, అమెరికా నల్లజాతి కళాకారులు కలిసి వాయించేవారు. ఆ కుటుంబాల ఆల్బమ్‌లు, పాత రికార్డులు వెతికి నరేశ్ ఫెర్నాండెజ్ 'తాజ్‌మహల్ ఫాక్స్‌ట్రాట్' అనే పుస్తకం తెచ్చాడు. చిక్ చాకొలేట్ వంటి బాకా విద్వాంసుల ముఖాలు కొత్త తరానికి అలా తెలిశాయి. 2010లో అనూషా యాదవ్ మొదలుపెట్టిన ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ ఇంకో అడుగు ముందుకేసి, కుటుంబ ఫోటో ఇచ్చేవారు దాని కథ కూడా రాసి ఇవ్వాలన్న నియమం పెట్టుకుంది. నేపాల్‌లోనూ ఇలాంటి ఫోటో గ్రంథాలయం ఒకటి నడుస్తోంది. ఇవేవీ కోట్ల రూపాయలతో మొదలైనవి కావు.

తెలుగు నేలకు ఈ విషయంలో గొప్ప వారసత్వమే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. నెగటివ్‌కు నంబరు వేసే అలవాటు ఆయన స్టూడియోకు ఉండేది. ఆయన 1905లో పోయినా పని బతికింది. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను సేకరించి భద్రపరిచింది. 2013లో టొరంటోలోని ఒక మ్యూజియం ఆయన మీద ప్రదర్శన పెట్టింది. నిజాం, దివాను, దొరల ఫోటోలు ఇలా నిలబడ్డాయి. అదే కాలపు కవుల, గాయకుల, ఒగ్గు కళాకారుల ఫోటోలకు ఆ రాత లేకపోయింది.

ఇక వరంగల్. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. 1944లో వరంగల్ కోటలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభ జరగబోతే పందిళ్లు తగలబెట్టారు, అయినా కవులు కవిత్వం చదివారు. పాములపర్తి సదాశివరావు, పి.వి. నరసింహారావు కలిసి ఇక్కడి నుంచే 'కాకతీయ పత్రిక' నడిపారు. 1966 నవంబరులో 'సృజన' పత్రిక ఇక్కడి నుంచే మొదలైంది. ఇన్ని సభలు, ఇన్ని పత్రికలు, ఇంతమంది మనుషులు. అయినా ఈ ఊరి సాహిత్య జీవితాన్ని ఫోటోల్లో చూపించే ఒక్క క్రమబద్ధమైన భాండాగారం ప్రజలకు అందుబాటులో లేదు. ఉన్నవి ఇళ్లల్లో ఉన్నాయి. గోడ మీద దండ వేసిన పటాల్లో, చెద పట్టిన ఆల్బమ్‌లలో, మూతపడ్డ స్టూడియోల అటకల మీద నెగటివ్ పెట్టెల్లో.

1934లో సురవరం ప్రతాపరెడ్డి చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల వివరాలతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. ఉత్తరాలు రాసి, ఊరూరా తెలిసినవాళ్లను అడిగి పేర్లు పోగుచేశాడు. పేర్లకు ఆనాడు జరిగిన ఆ పని ముఖాలకు ఇవాళ జరగాలి. పద్ధతి కూడా అదే. అడగాలి, రాసుకోవాలి, అచ్చువేయాలి.

ఎవరి ఫోటోలు మిగులుతాయన్నది యాదృచ్ఛికం కాదు. కాళోజీ ఫోటోలు చాలా ఉన్నాయి. 1992లో పద్మవిభూషణ్ అందుకుని, 2002లో పోయేదాకా ఆయన జనం మధ్యే ఉన్నాడు. వేణుమాధవ్ 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చాడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. పెద్దవాళ్ల సరసన ఆయన ఫోటోలకు కొదవ లేదు. అయితే ధ్వని అనుకరణ సమ్రాట్టు ఫోటో మాత్రమే చూసిన పిల్లవాడికి ఏమి తెలుస్తుంది? కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడ్డాడు, అంతే. ఆయన ఫోటో పంచుకునేవాళ్లు ఆయన గొంతు రికార్డు కూడా జతచేయడం మర్యాద. గాట్లీబ్ ఫోటోలు ఇంతగా బతకడానికి ఒక కారణం, ఆ సంగీతం రికార్డుల్లో ఇంకా వినిపిస్తూ ఉండడమే.

జానపద కళాకారుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథను దేశమంతా వినిపించి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని, 2017లో వెళ్లిపోయాడు. ఆయన పేరైతే నిలిచింది. ఆయన వెనక డోలు కొట్టినవాళ్లు, తాళం వేసినవాళ్లు ఎవరు? ఒగ్గుకథ ఒక్కడి కళ కాదు, బృందం కళ. దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారుడు పస్తం మొగిలయ్య జీవితమంతా ఊళ్లు తిరిగి పాడినా, లోకం ఆయన ముఖం చూసింది 2023లో 'బలగం' సినిమా వచ్చాకే. 2024 డిసెంబరులో కన్నుమూసేనాటికి సెల్‌ఫోన్ల పుణ్యమా అని ఆయన ఫోటోలు వేలల్లో ఉన్నాయి. ఆయనకు ముందు తరంలో అదే పాట పాడినవాళ్లకు ఒక్క ఫోటో అయినా ఉందో లేదో ఆ కుటుంబాలను అడిగితేనే తెలుస్తుంది.

ఈ వెలితిని కొంతైనా పూడ్చినవాడు వరంగల్ బిడ్డ భరత్ భూషణ్. తెలంగాణ పల్లె ఇళ్లు, తలుపులు, బతుకమ్మలు, పని చేసుకునే మనుషులు ఆయన కెమెరాకు ఎక్కారు. బి. నర్సింగరావు సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాడు. 2022 జనవరి ఆఖరున ఆయన పోయాడు. బతుకమ్మ పండుగకు ఆయన ఫోటోలు ఇప్పటికీ విరివిగా తిరుగుతుంటాయి. ఎక్కువసార్లు ఆయన పేరు కత్తిరించే తిరుగుతుంటాయి. ఒక మనిషి జీవితకాలపు కష్టానికి కింద రెండు పదాలు రాయలేకపోవడం అన్యాయం.

ఇంకో రకం అన్యాయం పేరున్న సంస్థల్లోనే జరిగింది. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లలో నిజాం రాజ్యంలోని చెంచులను, కొండరెడ్లను, రాజగోండులను ఫోటోలు తీశాడు. ఆ సేకరణ లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థ దగ్గర ఉంది, డిజిటల్ రూపంలో చూడవచ్చు. ఆయన, ఆయన భార్య సమాధులు ఆసిఫాబాద్ అడవుల్లోని మార్లవాయిలో ఉన్నాయి, ఏటా వర్ధంతి చేస్తారు. ఆ ఫోటోల్లో వాయిద్యం పట్టుకున్న పర్ధాను, అంటే గోండుల గాయకుడు, ఒక తెగకు గుర్తుగా మిగలకూడదు, పేరున్న కళాకారుడిగా మిగలాలి. ఆ ప్రింట్లు మళ్లీ ఆ ఊళ్లకే తీసుకెళ్లి ముసలివాళ్ల ముందు పెడితే తాతల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇప్పటికీ ఉండవచ్చు. పదేళ్లు ఆగితే ఆ అవకాశమూ పోతుంది.

ఈమధ్య వచ్చిన రంగుల పిచ్చి గురించి కటువుగానే చెప్పాలి. నలుపు తెలుపు ఫోటోకు యాప్‌తో రంగులద్ది, మొహం నున్నగా చేసి, అదే అసలు ఫోటో అన్నట్టు పంచుతున్నారు. ఒకప్పుడు విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకూ ఫిల్ముకూ ఎరుపు దాదాపు కనిపించదు. కుంకుమబొట్టు, ఎర్రచీర వాటిలో నల్లగా పడతాయి. యాప్‌కు ఆ సంగతి తెలియదు, నల్లబొట్టు పెట్టి నల్లచీర కడుతుంది. మసకగా ఉన్న మొహాన్ని పదునుపెట్టినప్పుడు అది కొత్త కళ్లు, కొత్త పళ్లు కల్పిస్తుంది. అది ఆ మనిషి మొహం కాదు. పాత స్టూడియోల్లో కూడా నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు, చేత్తో రంగులు వేసేవారు. కానీ ఆ పని చేసినవాడి ముందు అసలు మనిషి కూర్చుని ఉండేవాడు. సినిమావాళ్ల ఫోటోలది మరో తంటా. 2018లో 'మహానటి' వచ్చాక సావిత్రి అసలు ఫోటోల మధ్య ఆ సినిమా కోసం తిరిగి తీసిన నలుపు తెలుపు దృశ్యాలు కలిసిపోయే ప్రమాదం వచ్చింది. 1847లో పోయిన త్యాగరాజుకు, అంతకు శతాబ్దాల ముందటి పోతనకు 'అరుదైన ఫోటో' అని పంచడమైతే మరీ దారుణం. అవి చిత్రకారుల ఊహలు, ఊహలుగానే వాటికి గౌరవం ఉంది.

చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే భయంతో దాచుకునేవాళ్లూ, భయం లేకుండా కత్తిరించేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన మనిషి. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవారిది. కానీ కర్తగా పేరు చెప్పుకునే నైతిక హక్కు 57వ సెక్షన్ కింద తీసినవాడిదే. మొదట ఫోటోలకు 50 ఏళ్ల రక్షణ ఉండేది, 1992లో 60 అయింది. 2012 సవరణతో తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అయింది. 1958 జనవరి 21న ఈ చట్టం అమల్లోకి రాకముందు తీసినవి ఇప్పుడు హక్కుల నుంచి బయటపడ్డాయన్న లెక్క మీదే వికీమీడియా కామన్స్ వాటిని తీసుకుంటోంది. అంటే 1944 సభనాటి ఫోటో ఎవరింట్లో దొరికినా నిశ్చింతగా పంచవచ్చు. భరత్ భూషణ్ జీవించి ఉండగా ప్రచురించిన ఫోటోకు మాత్రం, ఈ లెక్కన, 2082 చివరిదాకా అనుమతి అడగాలి. కర్త ఎవరో తెలియని ఫోటోలకు లైసెన్సు పొందే దారి 31ఎ సెక్షన్‌లో ఉంది. ఆ దారి సామాన్యుడికి దూరం కనుక, కుటుంబాలే ముందుకొచ్చి గాట్లీబ్‌లా స్వేచ్ఛగా ఇచ్చేయడం మేలు.

ఇళ్లలో ఉన్న ఫోటోలను కాపాడుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. వానాకాలం తేమకు పటం అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకకూడదు, పొర ఊడి అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా మంచి వెలుతురులో కాపీ తీయాలి. విడి ప్రింటును కనీసం 600 డీపీఐలో స్కాన్ చేయాలి. వెనకవైపును కూడా స్కాన్ చేయడం మరిచిపోకూడదు, స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది, లోపలి వివరాలు చెరిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. పేర్లను విడిగా మెసేజ్‌లో కాకుండా ఫైలు పేరులోనే, వీలైతే ఫోటో కింది అంచులోనే రాయాలి. స్కాన్ అయ్యాక అసలు ప్రింటును పారేయకూడదు.

మిగిలింది సంస్థల పూనిక. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో తెరుచుకుంది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఉంది, తెలుగు, చరిత్ర విభాగాల్లో విద్యార్థులున్నారు. భాషా నిలయాలున్నాయి. తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే సెప్టెంబరు 9న దండలతో, ఉపన్యాసాలతో పాటు కళాక్షేత్రంలో రెండు స్కానర్లు, నలుగురు విద్యార్థులు, ఒక రిజిస్టరు పెడితే చాలు. ఊరివాళ్లు తమ ఇళ్లలోని పాత సభల, నాటకాల, ఒగ్గుకథల, భజన బృందాల ఫోటోలు తెచ్చి, అక్కడే స్కాన్ చేయించుకుని, అసలు ప్రింటు తిరిగి ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఫోటోలోని వాళ్లను గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. అందాకా ఈ వ్యాసం చదివినవారు చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో ఒక పాత గ్రూప్ ఫోటో ఉంటే, ఇవాళే అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వెనక వరుసలో నిలుచున్నవారి పేర్లు రాసి పెట్టండి.